దేశం నుంచి పంపివేత: డిపోర్టేషన్ ఉత్తర్వుల అమలుకయ్యే ప్రభుత్వ వ్యయం

అనుమతి లేకుండా దేశంలోకి వచ్చిన, వీసా గడువు దాటినా ఉండిపోయిన, నేరం చేసి, దేశంలో ఉండే హక్కు కోల్పోయిన విదేశీయుణ్ణి వెనక్కి పంపేయాలని అధికారి గానీ న్యాయమూర్తి గానీ ఇచ్చే ఆదేశమే డిపోర్టేషన్ ఉత్తర్వు. ఆదేశం రాయడానికి పెద్దగా ఖర్చు కాదు. ఖర్చంతా దాన్ని అమలు చేయడంలోనే ఉంటుంది. మనిషిని వెతికి పట్టుకోవాలి, కాపలాలో ఉంచాలి, అప్పీలు చేస్తే విచారించాలి, అతని దేశంతో మాట్లాడి ప్రయాణ పత్రం తెప్పించాలి, చివరికి విమానం ఎక్కించాలి. ఈ వరుసలో జనం కంటికి కనిపించేది విమానం. ఖజానాను ఎక్కువగా ఖాళీ చేసేది మాత్రం ఆ విమానం ఎక్కేదాకా సాగే నిరీక్షణ. దేశం ఏదైనా, పాలించే పార్టీ ఏదైనా ఖాతా పుస్తకాలు ఇదే మాట చెబుతున్నాయి.

ఈ లెక్కలు వివరంగా బయటికి వచ్చే దేశం అమెరికా. తెలుగువారు పెద్ద సంఖ్యలో చదువుకుంటున్న, పనిచేస్తున్న దేశం కూడా అదే. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే దక్కింది.

తలసరి లెక్క

అమెరికాలో ఈ బాధ్యత ఇమిగ్రేషన్ అండ్ కస్టమ్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అనే సంస్థది. వాడుకలో దాని పేరు ఐస్. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పాత వలస శాఖను రద్దు చేసి, కొత్తగా పెట్టిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద 2003లో దీన్ని ఏర్పాటు చేశారు. ఒక మనిషిని పట్టుకుని, నిర్బంధించి, పంపడానికి 2016 ఆర్థిక సంవత్సరంలో సగటున 10,854 డాలర్లు అయిందని ఐస్ చెప్పింది. 2025 మే నెలలో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఇదే పనికి ఇచ్చిన సగటు 17,121 డాలర్లు.

ఈ సగటును జాగ్రత్తగా చదవాలి. సరిహద్దు దాటిన మర్నాడే దొరికిపోయిన మెక్సికన్‌ను బస్సులో వెనక్కి పంపడం ఒక పని. షికాగోలో పదిహేనేళ్లుగా కాపురముంటూ, లాయర్ని పెట్టుకుని, పిల్లలు అమెరికా పౌరులైన మనిషిని పంపడం పూర్తిగా వేరే పని. రెండింటినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె ఏ ఒక్కరి ఖర్చునూ చెప్పదు. బరాక్ ఒబామా హయాంలో 2012లో 4,09,849 మందిని పంపగలిగారు. 2024లో ఆ సంఖ్య 2,71,484. వారు చేరిన దేశాలు 192. 2012 నాటి సంఖ్యలో సరిహద్దు దగ్గరే పట్టుబడినవారి వాటా ఎక్కువ. ఊళ్లలో పాతుకుపోయినవారి వెంట పడే కొద్దీ ఒక్కొక్కరి మీద అయ్యే ఖర్చు పెరుగుతుంది. దేశంలోని అనధికార వలసదారులందరినీ ఒకేసారి పంపాలంటే 31,500 కోట్ల డాలర్లు కావాలని, ఏడాదికి పది లక్షల మంది చొప్పున పంపితే సాలీనా 8,800 కోట్ల డాలర్లు అవుతుందని అమెరికన్ ఇమిగ్రేషన్ కౌన్సిల్ 2024 అక్టోబరులో అంచనా వేసింది. ఆ సంస్థ వలసదారుల పక్షాన వాదించేది. అయినా నిర్బంధం, కోర్టులు, రవాణా అంటూ వేర్వేరుగా లెక్క కట్టిన దాని పద్ధతిని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం.

సగటులో ఇంకో లోపమూ ఉంది. ఇమిగ్రేషన్ కోర్టులు న్యాయశాఖ కింద నడుస్తాయి. సైనిక విమానాల ఖర్చు రక్షణ శాఖ పద్దులో పడుతుంది. ఇతర దేశాలతో బేరసారాలు విదేశాంగ శాఖ చూసుకుంటుంది. స్థానిక పోలీసులు వెచ్చించే సమయం ఆయా కౌంటీల ఖాతాలోకి వెళుతుంది. ఇన్ని పద్దులను ఒక్కచోట కూడి చూపే బాధ్యత ఏ శాఖకూ లేదు. ప్రజాస్వామ్యంలో ఇంత పెద్ద ఖర్చుకు ఒక మొత్తం అంటూ లేకపోవడం చిన్న లోపం కాదు.

నిర్బంధం

ఐస్ తానే చెప్పుకున్న లెక్క ప్రకారం ఒక వ్యక్తిని నిర్బంధంలో ఉంచడానికి రోజుకు దాదాపు 152 డాలర్లు అవుతుంది. నెలన్నర ఉంచితే 6,840 డాలర్లు. ఇక విమానం సంగతి: 135 మంది పట్టే చార్టర్ విమానానికి గంటకు సుమారు 17,000 డాలర్లు అవుతుందని 2023లో ఐస్ అధిపతి అమెరికన్ కాంగ్రెస్‌కు చెప్పారు. ఐదు గంటల ప్రయాణమైతే, విమానం నిండుగా ఉంటే, మనిషికి 630 డాలర్లు. అంటే నాలుగైదు రోజుల నిర్బంధానికయ్యే డబ్బుతో మనిషిని మధ్య అమెరికాలోని సొంత దేశానికి చేర్చవచ్చు. మిగిలిన రోజుల ఖర్చంతా కాగితం కోసం, కోర్టు తేదీ కోసం, విమానం నిండడం కోసం ఎదురుచూసినందుకే.

నిర్బంధ కేంద్రాల్లో చాలావాటిని జియో గ్రూప్, కోర్‌సివిక్ వంటి ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి. కొన్నిచోట్ల కౌంటీ జైళ్లలో పడకలు అద్దెకు తీసుకుంటారు. మనుషులు తగ్గినా కనీసం ఇన్ని పడకలకు డబ్బు చెల్లిస్తామన్న హామీ చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కాంగ్రెస్ కూడా 2009 నుంచి కొన్నేళ్లపాటు బడ్జెట్ చట్టంలోనే ఒక సంఖ్య రాసిపెట్టింది. మొదట 33,400, తర్వాత 34,000 పడకలు నిర్వహించి తీరాలన్నది ఆ నిబంధన. 2017లో దాన్ని తీసేశారు. ఎంతమందిని బంధించాలన్నది అవసరాన్ని బట్టి గాక పడకల సంఖ్యను బట్టి తేలడం ప్రజాధనం విషయంలో తప్పుడు పద్ధతి. బంధితులతో వంట, శుభ్రత పనులు చేయించి రోజుకు ఒక్క డాలరు ఇవ్వడమూ ఈ వ్యవస్థలో భాగమే. వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలోని కేంద్రంలో ఇలా పనిచేసినవారికి జియో గ్రూప్ 1.73 కోట్ల డాలర్ల వేతన బకాయి చెల్లించాలని 2021లో జ్యూరీ తేల్చింది. పూర్తి కూలి ఇస్తే నిర్బంధం అసలు ఖర్చు ఇంకా ఎక్కువ ఉండేదన్నమాట.

కేటాయించిన డబ్బు చాలకపోతే వేరే పద్దుల నుంచి తెస్తారు. 2019 ఆగస్టులో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 27.1 కోట్ల డాలర్లను నిర్బంధానికి, సరిహద్దు విచారణలకు మళ్లించింది. అందులో 15.5 కోట్లు విపత్తు సహాయ నిధివి. అది తుపానుల కాలం. 2025లో ఫ్లోరిడా ప్రభుత్వం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో డేరాలతో కేంద్రం పెట్టింది. దానికి పడకకు రోజుకు 245 డాలర్లు, ఏడాదికి 45 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. టెక్సాస్ ఎల్ పాసో దగ్గరి ఫోర్ట్ బ్లిస్ సైనిక స్థావరంలో 5,000 మందికి డేరాలు వేసే కాంట్రాక్టు విలువ 120 కోట్ల డాలర్లు దాటింది. హడావుడిగా కట్టే డేరా స్థిరమైన భవనం కంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుందని ఈ అంకెలే చూపుతున్నాయి.

నిర్బంధానికి బదులు వేరే మార్గాలు లేకపోలేదు. కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ వేయడం, ఫోన్ యాప్‌లో హాజరు వేయించడం, అధికారి దగ్గరికి అప్పుడప్పుడు వచ్చి కనబడమనడం. వీటికి రోజుకు మనిషికి 4.20 డాలర్ల లోపే అవుతుందని ఐస్ ప్రకటించింది. ఆ పట్టీ తెలుగువారికి కొత్తది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారు. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు వేశారని తెలిసి ఇక్కడ పెద్ద దుమారం రేగింది, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆ అవమానం నిజం. జైలులో పెట్టకుండా బయట ఉంచే మార్గంగా అమెరికా అధికారులు దాన్ని చూశారన్నదీ నిజమే.

పట్టీ కంటే మెరుగైన ప్రయోగం ఒకటి 2016లో జరిగింది. కుటుంబాలకు ఒక కేసు వర్కర్‌ను కేటాయించి, కోర్టు తేదీలు గుర్తు చేస్తూ, లాయర్లను చూపిస్తూ నడిపిన ఆ కార్యక్రమానికి కుటుంబానికి రోజుకు 36 డాలర్ల చొప్పున అయింది. 99 శాతం కుటుంబాలు చెప్పిన రోజుకు హాజరయ్యాయి. అయినా 2017లో దాన్ని ఆపేశారు. బయట ఉన్నవారిని చివరికి దేశం నుంచి పంపడం కష్టమన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో పస లేకపోలేదు. నిర్బంధంలో ఉన్నవారి మీద ఉత్తర్వు అమలు కావడం ఎప్పుడూ సులువే. కానీ ఆ సులువు కోసం పట్టీ, యాప్ ఖర్చుకు ముప్పై రెట్లకు పైగా చెల్లిస్తున్నారన్నది బడ్జెట్ చర్చల్లో సూటిగా వినబడని మాట.

కోర్టులు

ఇమిగ్రేషన్ కోర్టుల్లో 2024 నాటికి పెండింగ్ కేసులు 35 లక్షలు దాటాయి. తుది విచారణకు ఏళ్లు పడుతుంది. నేరం కేసుల్లో మాదిరిగా ఇక్కడ ప్రభుత్వం లాయర్ని పెట్టదు. స్తోమత లేనివారు సొంతంగానే వాదించుకోవాలి. చూడటానికి ఇది పొదుపు. కానీ లాయరు లేని కేసులు వాయిదాలు పడతాయి, తప్పుగా నిండిన దరఖాస్తులు అప్పీళ్లకు దారితీస్తాయి, నోటీసు అందనివారి మీద వారు హాజరు కాకుండానే ఉత్తర్వులు వెలువడి తర్వాత తిరగదోడాల్సి వస్తుంది. లాయరు ఫీజు మిగిలిందనుకున్నచోట పడకల ఖర్చు పెరుగుతుంది.

విమానాలు

ఐస్‌కు సొంత విమానయాన విభాగమే ఉంది. లూసియానాలోని అలెగ్జాండ్రియా దాని ప్రధాన కేంద్రాల్లో ఒకటి. విమానాలు మాత్రం ఎక్కువగా ప్రైవేటు కంపెనీలవి. కాపలాదారులు, నర్సు, ఇంధనం, తిరుగు ప్రయాణంలో ఖాళీ సీట్లు అన్నీ గంట ధరలో కలిసి ఉంటాయి. తక్కువ మందిని పంపాల్సిన దూర దేశాలకు మామూలు ప్రయాణికుల విమానంలోనే, ఒక్కోసారి ఎస్కార్ట్ అధికారులతో పంపుతారు. అప్పుడు ఒక టికెట్ మూడు టికెట్లవుతుంది, అధికారుల హోటలూ భత్యమూ అదనం. ఎస్కార్ట్ పనిలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. 2010లో లండన్ హీత్రూలో అంగోలాకు పంపుతున్న ఒక వ్యక్తి విమానంలోనే కాపలాదారుల పట్టులో ఊపిరాడక చనిపోయాడు. అది చట్టవిరుద్ధ హత్యేనని 2013లో విచారణ జ్యూరీ అభిప్రాయపడింది. కాపలాదారులను క్రిమినల్ కోర్టు మరుసటి ఏడాది నిర్దోషులుగా విడిచిపెట్టింది.

2025 ఫిబ్రవరి 5న అమెరికా వైమానిక దళానికి చెందిన సీ-17 విమానం 104 మంది భారతీయులతో అమృత్‌సర్‌లో దిగింది. సంకెళ్లతో తీసుకొచ్చారని తెలిసి పార్లమెంటు అట్టుడికింది. విదేశాంగ మంత్రి జైశంకర్ మర్నాడు రాజ్యసభలో మాట్లాడుతూ ఇలా పంపడం కొత్త కాదని, 2019లో 2,042 మంది, 2020లో 1,889 మంది ఇలాగే తిరిగి వచ్చారని గుర్తు చేశారు. ఆ విమానంలో వచ్చినవారు ముఖ్యంగా హర్యానా, గుజరాత్, పంజాబ్ వాళ్లు. సీ-17 ఎగిరే ప్రతి గంటకూ 28,500 డాలర్లు అవుతుంది. సైనిక విమానాలు పౌర విమానాల దారిలో పోలేక చుట్టూ తిరగాల్సి వస్తే గంటలు పెరుగుతాయి. భారత్‌కు వచ్చిన అలాంటి మూడు విమానాలకు ఒక్కోదానికి 30 లక్షల డాలర్లు అయిందని వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కగట్టింది. మొదటి విమానంలోని 104 మందికి పంచితే తలకు దాదాపు 29,000 డాలర్లు. గ్వాటెమాలాకు వెళ్లిన సైనిక విమానంలో మనిషికి కనీసం 4,675 డాలర్లు పడిందని, అదే దారిలో ఫస్ట్ క్లాస్ టికెట్ 853 డాలర్లేనని రాయిటర్స్ చూపింది. మార్చి మొదట్లో ఈ సైనిక విమానాలు కొంతకాలం ఆగాయి. మనిషిని చేర్చడానికి అవసరమైన ఖర్చు కాదిది. చూసేవారి కోసం పెట్టిన ఖర్చు.

అమలు కాని ఉత్తర్వులు

ఒక దేశం పంపాలంటే మరో దేశం తీసుకోవాలి. ఈ మనిషి మావాడేనని అతని ప్రభుత్వం ఒప్పుకుని ప్రయాణ పత్రం ఇవ్వకపోతే ఉత్తర్వు కాగితంగానే మిగిలిపోతుంది. తీసుకోని దేశాలకు వీసాలు ఆపే అధికారం అమెరికా చట్టంలో ఉంది. పంపే అవకాశం కనుచూపు మేరలో లేనివారిని ఉత్తర్వు తర్వాత ఆరు నెలలకు మించి బంధించడం సబబు కాదని అమెరికా సుప్రీంకోర్టు 2001లో జాడ్విడాస్ కేసులో చెప్పింది. తుది ఉత్తర్వు ఉండి కూడా దేశంలోనే ఉన్నవారు పది లక్షలు దాటారు. యూరప్‌లోనూ ఇదే కథ. 2008 నుంచి ఏటా దాదాపు ఐదు లక్షల మందికి వెళ్లిపొమ్మని ఆదేశాలిస్తుంటే మూడింట ఒక వంతు కూడా వెళ్లడం లేదని యూరోపియన్ ఆడిటర్ల కోర్టు 2021లో తేల్చింది. యూరప్ ఖండం దాటి పంపాల్సినవారిలో ఇది 20 శాతం లోపే.

మన దేశంలో ఈ చిక్కు అస్సాంలో స్పష్టంగా కనిపిస్తుంది. గోల్పారా జిల్లా మాటియాలో సుమారు 46 కోట్ల రూపాయలతో 3,000 మంది పట్టే నిర్బంధ కేంద్రం కట్టారు. విదేశీయులని ట్రైబ్యునళ్లు ప్రకటించిన 63 మందిని అక్కడే ఉంచడంపై 2025 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసింది. వారి విదేశీ చిరునామాలు తెలియవని రాష్ట్రం చెప్పిన కారణాన్ని జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఒప్పుకోలేదు. ఏ దేశస్థులో తెలిసినప్పుడు ఆ దేశ రాజధానికైనా పంపవచ్చు కదా, ఇన్నేళ్లుగా ఖజానా ఖర్చు ఎందుకు భరిస్తోందని అడిగారు. అంతకుముందు మెట్టు, అంటే ఎవరు పౌరులో తేల్చే జాతీయ పౌర పట్టిక, ఇంకా ఖరీదైనది. 2014లో 288 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా 2022 మార్చికి 1,602 కోట్లు దాటిందని కాగ్ నివేదించింది. 2019 ఆగస్టు 31న వెలువడిన జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దొరకలేదు. వారిని ఏ దేశానికి పంపాలన్న ప్రశ్నకు ఆ ఖర్చు జవాబు చెప్పలేదు.

మూడో దేశానికి పంపడం

సొంత దేశం తీసుకోకపోతే మరో దేశానికి డబ్బిచ్చి అప్పగించే ఆలోచన పాతదే. ఆస్ట్రేలియా ఏళ్ల తరబడి నౌరు దీవిలో ఇలాంటి కేంద్రం నడిపింది. 2025 మార్చిలో అమెరికా రెండు వందల మందికి పైగా వెనెజువెలా వాసులను ఎల్ సాల్వడార్ జైలుకు పంపింది. అందుకు 60 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది. జులైలో ఖైదీల మార్పిడి జరిగి వారంతా చివరికి వెనెజువెలాకే చేరారు.

బ్రిటన్ రువాండా పథకం ఈ వరుసలో అన్నిటికంటే ఖరీదైన పాఠం. 2022 ఏప్రిల్‌లో ప్రకటించిన ఆ పథకం కింద రువాండాకు 37 కోట్ల పౌండ్ల మూల మొత్తం, మొదటి 300 మంది చేరాక మరో 12 కోట్లు, ప్రతి మనిషికీ 20,000 పౌండ్లు, అది కాక ఐదేళ్ల నివాస ఖర్చుకు మనిషికి 1,50,874 పౌండ్ల దాకా ఇవ్వాలని నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2024 మార్చిలో లెక్క తేల్చింది. 2022 జూన్ 14న తొలి విమానం రన్‌వే మీద సిద్ధంగా ఉండగా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు జోక్యంతో ఆగిపోయింది. 2023 నవంబరు 15న బ్రిటన్ సుప్రీంకోర్టు పథకమే చట్టవిరుద్ధమంది. ప్రభుత్వం మారాక 2024 జులైలో కొత్త హోం మంత్రి ఇవెట్ కూపర్ పార్లమెంటుకు చెప్పిన మొత్తం 70 కోట్ల పౌండ్లు. అందులో 29 కోట్లు రువాండాకే వెళ్లాయి. ఆ పథకంతో రువాండా వెళ్లినవారు నలుగురు. వారూ ఇష్టపడి వెళ్లినవారే.

స్వచ్ఛందంగా వెళ్లేవారు

తనంతట తాను వెళ్లిపోయే మనిషికి కాపలా అక్కర్లేదు. అందుకే చాలా ప్రభుత్వాలు టికెట్, కొంత నగదు ఇచ్చి పంపుతాయి. బ్రిటన్ 3,000 పౌండ్ల వరకు ఇస్తుంది. 2025 మేలో అమెరికా యాప్ ద్వారా నమోదై వెళ్లేవారికి టికెట్‌తో పాటు 1,000 డాలర్లు ప్రకటించి, దీనివల్ల దాదాపు 70 శాతం ఆదా అవుతుందని చెప్పింది. బలవంతపు పంపివేత ఎంత ఖరీదో ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భమది.

గల్ఫ్ దేశాలు ఇదే పనిని క్షమాభిక్ష పేరుతో చేస్తాయి. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర్నుంచి బయటపడి వేరేచోట పనిచేసేవారిని మన గల్ఫ్ కార్మికులు కల్లివెల్లి అంటారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ఆ మాట తెలియని ఇల్లు అరుదు. కువైట్ వైపు కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎక్కువ. గడువు దాటిన ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతుంది. యూఏఈలో అది రోజుకు 50 దిర్హమ్‌లు. ఏడాది దాటితే కట్టలేనంత మొత్తమై, వెళ్లాలనుకున్న మనిషి కూడా దాక్కుంటాడు. సౌదీ 2017లో, కువైట్ 2018లో, 2024లో, యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు జరిమానాలు మాఫీ చేసి ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద వెళ్లనిచ్చాయి. అక్కడి ఖజానాకు నిర్బంధ ఖర్చు తప్పింది. టికెట్ కొనలేనివారి భారం చాలాసార్లు భారత రాయబార కార్యాలయాల మీద పడింది. 2009లో ఏర్పాటు చేసిన భారత సమాజ సంక్షేమ నిధి నుంచి ఇలాంటి పేదలకు టికెట్లు ఇస్తారు. ఆ నిధిలో జమయ్యేది కాన్సులర్ సేవలకు ప్రవాసులు కట్టే చిన్న చిన్న రుసుములు. అంటే ఒక కూలీ తిరుగు ప్రయాణానికి సాటి కూలీలే చందా వేసుకుంటున్నారు.

లెక్కలోకి రానివి

అమెరికాలో అనధికార వలసదారులు 2022లో 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని అక్కడి పన్నుల విధాన పరిశోధన సంస్థ ఐటెప్ అంచనా. పంపేసిన ప్రతి మనిషితో ఆ ఆదాయంలో కొంత పోతుంది. సంపాదించే తండ్రి వెళ్లిపోతే పౌరులైన పిల్లల పోషణ కొంతవరకు ప్రభుత్వ సహాయం మీద పడుతుంది. ఇవేవీ ఐస్ బడ్జెట్‌లో కనబడవు.

తెలుగు కుటుంబాలు మోసిన భారమూ ఇలాంటిదే. మిషిగన్‌లో ఐస్ అధికారులు ఫార్మింగ్టన్ పేరుతో ఒక బూటకపు విశ్వవిద్యాలయం నడిపి, 2019 జనవరిలో దాన్ని బయటపెట్టారు. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. చేరిన దాదాపు 600 మందిలో తెలుగువారే ఎక్కువ. తొలి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. అమెరికన్ తెలుగు అసోసియేషన్ లాయర్లను చూపించి అండగా నిలిచింది. చాలామంది స్వచ్ఛందంగా వెళ్లిపోయే షరతు మీద తిరిగొచ్చారు. వాళ్లలో తెలిసి తప్పు చేసినవారున్నారు, గుర్తింపు ఉందన్న ప్రభుత్వ వెబ్‌సైట్ మాట నమ్మి చేరినవారూ ఉన్నారు. ఇంటి దగ్గర వడ్డీకి తెచ్చిన డబ్బు ఫీజుల రూపంలో ఆ ప్రభుత్వానికే చేరింది. ఆ ఫీజులు తిరిగి ఇప్పించాలన్న దావా కొనసాగవచ్చని 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది.

2025 చట్టం

2025 జులై 4న అమెరికాలో అమల్లోకి వచ్చిన పన్నులు, ఖర్చుల చట్టం ఈ రంగానికి అంతవరకు ఎన్నడూ లేనంత డబ్బు ఇచ్చింది. వలసలు, సరిహద్దు వ్యవహారాలకు కలిపి సుమారు 17,000 కోట్ల డాలర్లు. అందులో నిర్బంధానికి 4,500 కోట్లు, ఐస్ అరెస్టులకు, పంపివేతలకు దాదాపు 3,000 కోట్లు. ఏడాది ఆరంభంలో 40,000 లోపు ఉన్న నిర్బంధితుల సంఖ్య ఆగస్టులో 60,000 దాటింది. ఈ నిధులు 2029 సెప్టెంబరు దాకా వాడుకోవచ్చు. లక్షల కొద్దీ కేసులు వినాల్సిన ఇమిగ్రేషన్ న్యాయమూర్తుల సంఖ్య మాత్రం 2028 నవంబరు నుంచి 800 మించకూడదని అదే చట్టం పరిమితి పెట్టింది.